మొహం మీద మట్టి

“ఎవడ్రా ఆ ఫ్లెక్సీ మింద మన్ను కొట్టింది?”

అన్సర్ అరుపుకు, ప్రొద్దుటూరులో సంతాపసభకొచ్చిన జనమంతా కుర్చీల్లోంచి లేచారు. ఆర్థికవేత్త రామసుబ్బయ్య ఢిల్లీలో చనిపోయి వారమైంది. రెండు పార్టీల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆయన ఫొటోయే. ఒకరు పూలదండ వేసి పంపితే, ఇంకొకరు చెప్పులదండ వేసి పంపారు. చచ్చినవాణ్నయినా వదలరు కదా! ఆ ఫొటోనే అన్సర్ నిలువెత్తు ఫ్లెక్సీ వేయించాడు.

“నేనే కొట్టినా. ఏం జేస్తావో జేసుకో!” చేతులు దులుపుకుంటూ వచ్చాడు అవతలి పార్టీ నాయకుడు, జమ్మలమడుగు నాగేంద్ర. “రాయితీలు తీసేయమని రాసి రైతుల నోట్లో మన్ను కొట్టినోడప్పా ఈయన. ఆ మొగం జూడు, దొంగమొగం! పులివెందుల మీటింగులో ఇదే మొగాన్ని ఎదురుగా నిలబడి కడిగేసినా.”

“నోర్ముయ్! దేవుడట్లాంటి మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టినాడు. ఆ కండ్లల్లో దయ జూడు!”

“దయనా? మీ పార్టీకి అమ్ముడుబోయిన కండ్లవి!”

అన్సర్ కుర్చీ ఎత్తాడు. ఆయన రాసిందేమిటో, ఎందుకు రాశాడో ఒక్కడూ మాట్లాడడే! తిట్లకు మాత్రం కరువు లేదు.

రామసుబ్బయ్య శిష్యుణ్నని ఊరంతా చెప్పుకున్నాడు అన్సర్. ఆయన అక్క సిద్దమ్మ చేత ఈ రోజు మైకులో ‘మా తమ్ముడు మీవాడే’ అనిపిస్తే కౌన్సిలర్ టికెట్టు ఖాయం. లేదంటే పరువూ, టికెట్టూ రెండూ పోయినట్టే.

అంతలో సిద్దమ్మ ఊరు వేముల నుంచి కారొచ్చింది. గొర్రెలు మేపి తమ్ముణ్ని చదివించిన సిద్దమ్మ, కర్ర పట్టుకొని మెల్లగా దిగింది.

“చూడవ్వా, నీ తమ్మునికి ఈ ఎదవలు ఎంత మర్యాద జేసినారో!” అన్సర్ ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాడు.

సిద్దమ్మ నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి పోయి, కొంగుతో ఆ మొహం మీది మట్టి తుడిచింది. నుదురు, కళ్ళు, మీసం... పసిబిడ్డకు తుడిచినట్టు తుడిచింది. నాగేంద్ర సిగ్గుతో తల దించుకున్నాడు. అన్సర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక గెలిచినట్టేననుకుని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

“చెప్పవ్వా. నీ తమ్ముడు ఎవరి మనిషో ఈళ్ళకు ఇనపడేట్టు జెప్పు.”

సిద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎవరి బిడ్డో పాపం, ఈయప్ప మా తమ్ముడు గాదు.”