గోడల వరకే

ఆదివారం పొద్దున మధుకర్, అతని భార్య ఆమని కరీంనగర్ పెళ్లి నుంచి వచ్చి తలుపు తీసేసరికి, హాల్లో చీలమండ లోతు నీళ్లున్నాయి.

పైఇంట్లో గీజర్ పైపు ఊడింది. అక్కడ కిరాయికి ఉండే పిల్లలు సెలవులకు ఊరెళ్లారు. రెండు రోజులుగా స్లాబు నుంచి కారిన నీళ్లు మధుకర్ ఇంటిని నానబెట్టాయి.

సోఫా ఉబ్బింది. వార్డ్‌రోబుల ప్లై పొరలు పొరలుగా విచ్చుకుంది. ఆమని ఎంబ్రాయిడరీ మెషీన్ మీదైతే ధారే పడింది. నాలుగు లక్షల మెషీన్. ఆమె ఆర్డర్లకు కుట్టే పెళ్లి బ్లౌజుల పనంతా దానిమీదే.

ఆమని దాని మూత ఎత్తి చూసి, అక్కడే కూలబడింది.

"ఫికర్ చేయకు," అన్నాడు మధుకర్. "ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నది. లోన్ ఇచ్చినప్పుడే బ్యాంకోళ్లు కట్టిపిచ్చిన్రు."

మధుకర్‌కు పుప్పాలగూడలో టైల్స్ షాపు ఉంది. పద్దెనిమిదేళ్ల వ్యాపారం. గడప తొక్కిన మనిషి కొనేవాడో, ధర కనుక్కుని పోయేవాడో ఒక్క చూపులో చెప్పగలడు.

"జర ఆగు, ఫొటోలన్న తీస్త," అంది ఆమని.

"తడిసిన సోఫాను స్టేటస్ పెట్టుకుంటవా? ముందు ఇల్లు ఖాళీ కావాలె. రేపు షాపు తెరిచేది ఉన్నది."

పాడైన సరుకు ఇంట్లో ఉన్న ప్రతి గంటా నష్టమేనని ఆయన లెక్క.

మధ్యాహ్నం తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. భుజాన తువ్వాలు, మోకాళ్ల దాకా మడిచిన పంచె. అరిగిన రబ్బరు చెప్పులు బయటే విడిచి, అడగకుండానే లోపలికొచ్చాడు.

వార్డ్‌రోబు తలుపు వేలితో తట్టాడు. సోఫాను ఒత్తి చూశాడు. మెషీన్ చుట్టూ తిరిగాడు.

"ఇది ఎప్పుడు కొన్నరు బిడ్డా?"

"పోయిన ఏడు."

"ఎంతైంది?"

"నాలుగు లక్షలు."

"బిల్లున్నదా?"

మధుకర్ లోపల్లోపలే నవ్వుకున్నాడు. పాత సామాను కొనేవాళ్లు ఇలాగే మొదలుపెడతారు. కొన్న ధర అడుగుతారు, నిట్టూరుస్తారు, ఆ తర్వాత కిలోల్లోకి దిగుతారు.

"బిల్లుతోని నీకేం పని తాతా? రేటు చెప్పు."

"రేటు చెప్పేది నేను కాదు. ఇవేవీ ఇయ్యాల కదిలియ్యకుండ్రి. రేపు పొద్దుగాల మనిషి వస్తడు, చూస్తడు."

"రేపటికి ఇంకింత ఉబ్బుతయి, మీరు ఇంకింత తగ్గిస్తరు. గీ ఆటలు నా దగ్గర నడువయి."

"బేరం కాదు బిడ్డా. నేను చెప్పేది జర ఇను..."

"కొనెటోని మాట ఇంటే అమ్మెటోడు మునుగుతడు. ఇగ నడువు తాతా."

ముసలాయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఆమని వైపు తిరిగాడు.

"ఆ మెషీనన్న ఉంచు బిడ్డా," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"ఉంచుదామా?" అంది ఆమని.

"దాని మీదనే కన్నేసిండంటే అర్థం కాలేదా? అదే ముందు పోవాలె. కొత్తదానికి ఇన్సూరెన్స్ ఇస్తది. పాతదానికి ఎంతొస్తే అంత మిగులు."

సాయంత్రానికి గోపన్‌పల్లి నుంచి పాత సామాన్లవాడి ట్రాలీ ఆటో వచ్చింది. అంతా కలిపి తొమ్మిది వేలన్నవాడితో మధుకర్ పదకొండు వేలు ఇప్పించుకున్నాడు. నేల మీద చాప పరుచుకుని హాయిగా నిద్రపోయాడు.

సోమవారం పది గంటలకు బ్యాంకుకు ఫోన్ చేశాడు.

"మీ పాలసీ గోడలు, స్లాబు, నేల వరకే సార్," అన్నాడు అక్కడి ఆఫీసరు రాజేందర్. "లోపలి సామాన్లకు విడిగా కట్టాలి. అప్పుడే అడిగినం. ఏడాదికి రెండు వేలు దండగ అని మీరే వద్దన్నరు."

"ఇంటి ఇన్సూరెన్స్ అంటే ఇంట్లవన్నీ రావా?"

"షట్టర్ కొంటే లోపలి సరుకు కూడా ఇస్తరా సార్? గిదీ అంతే."

ఆ లెక్క మధుకర్‌కు వెంటనే అర్థమైంది. ఫోన్ పెట్టేశాడు.

అంతలో బెల్లు మోగింది. తలుపు తీస్తే, ఫైలుతో ఒక యువతి.

"నా పేరు అనూష అండి. ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. నీళ్ల నష్టం చూడటానికి వచ్చాను."

"మా పాలసీల సామాన్లకు రాదన్నరు కద మేడం?"

"మీ పాలసీ కాదండి, మీ పైఫ్లాటు ఓనర్ గారిది. తన ఇంటివల్ల కిందివాళ్లకు నష్టం జరిగితే అదీ వచ్చేలా తీసుకున్నారు. మీ సామాన్లన్నీ రాసుకుంటాను. ఎంబ్రాయిడరీ మెషీన్ కూడా ఉందట కదా?"

ఆమని వంటింట్లోంచి పరుగున వచ్చింది.

అనూష ఖాళీ హాలంతా కలియజూసింది. "సామాన్లు ఎక్కడండీ?"

"నిన్ననే తీసేసినం."

"ఫొటోలు?"

ఆమని భర్త వైపు చూసింది.

"పోనీ, బిల్లులు?"

పన్ను మిగులుతుందని అన్నీ బిల్లు లేకుండానే కొన్నాడు మధుకర్. ట్రాలీ వాడికి ఫోన్ చేశాడు. మెషీన్ రాత్రే విప్పేశారట, మోటార్లు అమ్ముడుపోయాయట.

"వస్తువూ లేకుండా, కాగితమూ లేకుండా నేనేం రాయనండి?" అంది అనూష. గోడల చెమ్మ ఒక్కటే కొలుచుకుంది. "ఏదీ కదపొద్దని ఓనర్ గారు నిన్న స్వయంగా వచ్చి చెప్పానన్నారే?"

"ఓనరెవ్వరు రాలేదు మేడం. పాత సామాన్లు కొనే ముసలాయన ఒకడు వచ్చిండు, అంతే."

అనూష ఫైలు తిప్పి, దరఖాస్తు మీది ఫొటో చూపించింది.

మధుకర్ కూర్చోవడానికి చుట్టూ చూశాడు. ఇంట్లో కుర్చీ మిగల్లేదు.

"పోచయ్య గారండి," అంది అనూష. "ఈ టవర్ కట్టిన నేల ఆయనదే. నిన్న వాచ్‌మన్ చెప్పగానే మా ఏజెంట్ ఇంటికెళ్లి, మీకు నష్టం కట్టివ్వమని కాగితం మీద సంతకం పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా మీ ఇంటికే వచ్చారు."