మెక్సికో తాంబూలం

"మామయ్యగారూ, నోట్లో ఏంటండీ అది?"

భవానీపురం డాబా మీద కోడలు ఉషశ్రీ ఎదురుపడేసరికి వెంకటప్పయ్య దవడలు ఆగిపోయాయి. ఆర్నెల్ల కిందట కోడలు కుండీలో నాటిన మెక్సికో మొక్కని పీకేసి తమలపాకు తీగ పెట్టమని పొద్దున గోల చేసింది ఆయనే. భోజనమయ్యాక తమలపాకులు నిండుకుంటే, పళ్లెమంత ఉన్నా ఆకారం అదేనని ఆ మొక్క ఆకుకే సున్నం రాసి నోట్లో పెట్టుకున్నాడు.

"అది చేపకి చుట్టి ఉడికించే ఆకండీ!" ఆమె కోప్పడలేదు. ఆత్రంగా దగ్గరికొచ్చింది. "ఎలా ఉంది?"

"సోంపు వాసనమ్మా! వక్క కూడా అక్కర్లేదు."

ఉషశ్రీ పకపకా నవ్వింది. ఆర్నెల్లుగా ఈ పిల్ల ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేనని ఆయనకి అప్పుడు తట్టింది.

"మరి పీకేయమంటారా?"

"ఇంకో కుండీ పెట్టు. నీళ్లు నేను పోస్తా," అన్నాడాయన, ఆకు పసరుకి పచ్చబడ్డ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.