పక్క వరసలో పరిగెత్తిన మనిషి

వీపు మీద నంబరు గుడ్డకి ఒక పిన్ను తక్కువైంది.

కండక్టరు సంచీ అంతా తిరగేశాడు. దొరకలేదు.

"ఇదిగో తమ్ముడూ, అటు తిరుగు," అంటూ పక్కనున్నాయన తన నంబరుకున్న నాలుగు పిన్నుల్లో ఒకటి ఊడదీసి, తనే గుచ్చాడు.

సన్నటి మనిషి. జుట్టు ముప్పాతిక నెరిసింది. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

కండక్టరుకి వింతగా అనిపించింది. ఆ పొద్దున ఆ మైదానంలో పక్కవాడికి పిన్ను కాదు కదా, పలకరింపు కూడా ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు.

పెద్ద లీగు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఈసారి తీసుకునేది ఒకే ఒక్క కొత్త రిఫరీని. ఏడాది పొడుగునా చిన్న లీగుల్లో వీళ్లు ఈల వేస్తుంటే, పరిశీలకులు గ్యాలరీల్లో కూర్చుని మార్కులు వేశారు. నిబంధనల పరీక్ష అయింది. కంటి పరీక్ష అయింది. మిగిలింది ఇవాళ్టి పరుగు. ఇందులో నెగ్గినవాళ్లలో ఎవరికి మార్కులు ఎక్కువుంటే వాళ్లదే ఆ ఖాళీ. ఎవరికెన్ని మార్కులో మాత్రం అప్పటిదాకా కమిటీ బయటపెట్టదు.

కండక్టరుకి ఇది మూడోసారి. నాలుగోసారి రానివ్వరు.

"బస్సులోనూ ఈలే, మైదానంలోనూ ఈలే. రెండు చోట్లా తిట్లే! ఈ సంబడానికి మూడేళ్లా?" అని పొద్దున భార్య నవ్వింది. నవ్వుతూనే బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది.

"ఆయనెవరో తెలుసా?" రేడియో వచ్చి చెవిలో గొణిగాడు. ఎక్కడి కబురైనా మోసుకొస్తాడని తోటి రిఫరీలు అతనికి పెట్టిన పేరది.

"తెలీదు. ఎవరు?"

"నాకూ తెలీదు. నాకే తెలీలేదంటే ఆలోచించు మరి! కమిటీవాళ్లు ఒక పరిశీలకుణ్ణి అభ్యర్థిలా మనలో కలిపేస్తారట. మన నడవడిక చూడ్డానికి."

"ఊరుకోవోయ్."

"ఆ జుట్టు చూడు. నలభై దాటితే అసలు దరఖాస్తే తీసుకోరు కదా!"

అంతలో ఆయనే దగ్గరికొచ్చాడు.

"మొన్న వానలో జరిగిన మ్యాచ్‌లో పెనాల్టీ ఇచ్చి, వెనక్కి తీసుకుంది నువ్వే కదూ?"

కండక్టరు గతుక్కుమన్నాడు. "అవునండీ. నేను చూసింది తప్పు. లైన్‌మన్‌ని అడిగి దిద్దుకున్నాను."

"మార్కులు తెగ్గోస్తారని తెలిసే?"

"తెలిసేనండీ."

"ఊఁ," అన్నాడాయన.

ఈయనకెలా తెలుసు? ఆ రోజు గ్యాలరీలో ఉన్నాడన్నమాట. ఇక సందేహమే లేదు, రేడియో చెప్పిన మనిషి ఈయనే.

మొత్తం నలభై పరుగులు. ఈల మోగగానే డెబ్బై ఐదు మీటర్లు పదిహేను సెకన్లలో పరిగెత్తాలి. తర్వాత పాతిక మీటర్లు నడక. మళ్లీ ఈల, మళ్లీ పరుగు. సమయానికి గీత అందకపోతే మొదటిసారి హెచ్చరిక. రెండోసారి ఇంటిదారి.

ఇద్దరివీ పక్కపక్క వరసలు.

ఇరవై తొమ్మిదో పరుగులో కండక్టరుకి పిక్క పట్టేసింది. గీత ఇంకో అడుగుందనగా ఈల మోగింది. పసుపు జెండా లేచింది.

"అయిపోయింది నా పని," అని గొణుక్కున్నాడు.

"ఏమీ అవలేదు," పక్క వరసలోంచి మాట. "కాలు సంగతి మర్చిపో. నా లెక్క విను. పద్నాలుగు అనేసరికి నువ్వు గీత మీదుండాలి. పద!"

ఆయన పరిగెత్తుతూనే పైకి లెక్కపెట్టసాగాడు. ఒకటి. రెండు. మూడు. సెకనుకో అంకె, గట్టిగా.

పరుగులో నోరు తెరిస్తే ఊపిరి దండగని ఈల పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఈయనకేం, మార్కులు వేసే మనిషి, అనుకుంటూ కండక్టరు ఆ అంకెల వెంటపడి పరిగెత్తాడు.

ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ఆయన గొంతు సన్నబడింది. అంకెలు మాత్రం ఆగలేదు.

ముప్పై ఎనిమిదో పరుగులో ఆయన గీత చేరకముందే ఈల మోగింది. నలభయ్యో పరుగులోనూ అంతే.

కండక్టరు రెండుసార్లూ దాటాడు.

నిజంగా పోటీకి వచ్చినవాడైతే ఇలా చేస్తాడా, అనుకున్నాడు.

ఆయన గడ్డి మీద కూలబడి, వగరుస్తూ చెయ్యి చాపాడు. "భేష్ తమ్ముడూ!"

ఆ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపించింది కండక్టరుకి. కానీ కమిటీ మనిషితో చనువుగా ఉంటే పైరవీ అనుకుంటారేమో. ఇదీ ఒక పరీక్షేనేమో. ముక్తసరిగా తలూపి, అటు తిరిగి బూట్ల తాళ్లు విప్పుకోసాగాడు.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, గడ్డి మీదికి దిగింది.

సాయంత్రం కమిటీ గదిలోకి పిలిచారు. గుమస్తా కాగితం ముందుకు జరిపాడు.

"అభినందనలండీ. ఇక్కడ సంతకం చెయ్యండి."

కండక్టరు రెండుసార్లు చదివాక గానీ నమ్మలేదు. సంతకం పెట్టాక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఒక్క మాటండీ. నా పక్కన పరిగెత్తారే, తల నెరిసినాయన, మీ పరిశీలకులు... నా గురించి ఏం రాశారు?"

గుమస్తా నవ్వాడు. "పరుగులో పరిశీలకుడెవరండీ బాబూ! ఒక స్టాప్‌వాచీ, ఒక జెండా. అంతే."

"మరి ఆయన? ఇక్కడే ఉన్నారా?"

"మధ్యాహ్నం బస్సుకే వాళ్ల ఊరు వెళ్లిపోయారు. జుట్టు నెరిసిందే గానీ, ఆయనకింకా నలభై నిండలేదండీ."

గుమస్తా మార్కుల జాబితాని ఇటు తిప్పి, పైనున్న వరస మీద వేలు పెట్టాడు.

"మీరు రెండోవారండీ. మొదటివారు ఆయనే. ఆ రెండు గీతలూ అందుకుని ఉంటే ఈ సంతకం ఆయనే పెట్టేవారు."