దీపాన్ని ఆర్పే ‘ప’

ఏవయ్యా, ఎవడైనా టకటకా ఇంగ్లీషు మాట్లాడితే చాలు, వాడి నోటి దగ్గరికి జరిగి మరీ వింటావు కదూ? కాస్త ఎడంగా కూర్చో. ఇది చంద్రరావు కథ.

పంతొమ్మిదివందల ఇరవై ఆరో సంవత్సరం మాట. రంగూన్లో ఓ బియ్యం కంపెనీలో చంద్రరావు గుమస్తా. పెద్ద గుమస్తా కుర్చీ ఖాళీ అయింది. అతని ప్రాణమంతా ఆ కుర్చీ మీదే. ఇంతలో దొర పిలిచి, ఆదివారం మా ఇంటికి టీకి రా, నీ భార్యని తప్పకుండా తీసుకురా అన్నాడు.

చంద్రరావుకి సంగతి అర్థమైపోయింది. పరీక్ష తనకి కాదు. తన ఇంగ్లీషుకి వంక పెట్టేవాడెవడు? పరీక్ష భార్య కోటేశ్వరికి.

ఆమె నోరు తలుచుకుంటేనే అతనికి వికారం. రేవు కూలీల ఇంట పుట్టిన పిల్ల. బర్మావాళ్ల ఙాపీ, అదే ఆ కుళ్లబెట్టిన చేపల ముద్ద, నంజుకోనిదే అన్నం దిగదు. పైగా వీధి కిళ్ళీ. తాంబూలం తనూ నములుతాడు గాని, అది జాజికాయ, పచ్చకర్పూరం పడ్డ గుమస్తా తాంబూలం.

ఆ సాయంత్రమే కొవ్వొత్తి వెలిగించి ఆమె మొహం ముందు పెట్టాడు.

"‘ప్యాడీ’ అను."

"పేడీ."

మంట కదల్లేదు.

"మన ‘ప’ పెదవుల దగ్గరే చచ్చిపోతుందే. ఇంగ్లీషు ‘ప’కి ఊపిరుంటుంది. చూడు. ప్యాడీ."

కొవ్వొత్తి ఆరిపోయింది. ఈ కిటుకు నేర్పిన పాదిరీ, మంట వణికితే చాలన్నాడు. వణికితేనే ఇంగ్లీషైతే, ఆరితే ఇంకెంత ఇంగ్లీషో అని చంద్రరావు సొంతంగా తేల్చుకున్నాడు.

కోటేశ్వరి చెంప తుడుచుకుంది. "మళ్లీ ఎలిగించండి" అంది.

"ఇప్పుడు ‘ఫైన్’. పై పళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదులు."

ఆమె గట్టిగానే వదిలింది. చిన్న తుంపర ఒకటి వచ్చి అతని ముక్కు మీద వాలింది.

"ఛీ ఛీ. అది నోరా, మురిక్కాలవా? మీ వాళ్ల నోళ్లే అంత."

"మనిద్దరిదీ ఒకే ఈది కదండీ."

అతను లేచి వెళ్లి సబ్బు పెట్టి మొహం తోముకున్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఆఫీసులో మాత్రం అన్నీ మంచి శకునాలే. దొరకి ఉత్తరాలు చదివి వినిపించేది అతనే. ప్యాడీ, ప్రైస్, పోర్ట్. బియ్యం కంపెనీ ఉత్తరంలో ‘ప’ లేని వాక్యం ఉండదు. బల్ల మీదికి వంగి అతను చదువుతుంటే దొర కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. సొంత దేశపు పలుకు విని కళ్లు చెమర్చాయనుకున్నాడు చంద్రరావు. తర్వాత దొర, అంత ఎండల్లోనూ తెల్లకోటు మానేసి నల్లకోటు తొడగడం మొదలెట్టాడు. ఈమధ్య బంట్రోతు లింగరాజు వచ్చి, ఇకనుంచి గుమ్మం దగ్గరే నిలబడి చదవమన్నారని చెప్పాడు. అంత దూరం వినిపించాలన్నమాట, పెద్ద గుమస్తా గొంతు.

ఆదివారం వచ్చింది. దొరసాని కోటేశ్వరిని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. అద్దాల తలుపు ఇవతల చంద్రరావు కప్పు పక్కన పెట్టి అటే చూశాడు. దొరసాని ఏదో చెబుతోంది. కోటేశ్వరి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అంతలో ఇద్దరూ పగలబడి నవ్వారు. అయిపోయింది, ‘థ్యాంక్యూ’కి బదులు ‘టేంక్యూ’ అనేసి ఉంటుంది. కుర్చీ పోయింది.

తిరుగు బండిలో కూర్చోగానే అడిగాడు.

"నాలుక పళ్ల మధ్య పెట్టావా లేదా?"

"ఆ అవసరం రానేదండి. దొరసాని ఇసాపట్నంలో పుట్టిందట. పెంచిన ఆయా మనోలే. నాకన్నా సక్కగా తెలుగు మాటాడతాది."

"మరి పరీక్ష?"

"పరీచ్చా నేదు, ఏటీ నేదు. కుర్చీ మీకే ఇస్తారట."

చంద్రరావు మీసం దువ్వాడు. "ఎవరి ‘ప’ అనుకున్నావు. మరి నిన్నెందుకు రమ్మన్నట్టు?"

కోటేశ్వరి చెంగుతో చెంప తుడుచుకుంది.

"రోజూ దొర మొగం మీద పడతన్న మీ తాంబూలం తుంపర్ల సంగతి, తెల్లకోట్లన్నీ పాడైపోయినా మీతో ఎలా సెప్పాలో తెలక, నాసేత తెలుగులో సెప్పించడానికట."