సూది పడని ఈగలు

సూది గుచ్చని ఈగలు కూడా వెలిగాయి!

పరిశోధకురాలికి ఒళ్లు మండిపోయింది. పండ్ల మీద వాలే ఈ చిట్టి ఈగల్లో సగానికే సూదిపోటు. గాయమైన చోటి కణాలు కబురు పెడితే నెత్తుటి కణాలు పరుగెత్తుకొస్తాయి, వాపు మొదలవుతుంది. ఆ కబురు వెళ్లిందంటే మైక్రోస్కోపు కింద ఈగ ఒళ్లు ఆకుపచ్చగా వెలుగుతుంది. మిగతా సగం పోల్చి చూసుకోవడానికి. అవి వెలగకూడదు. వాటి గాజుగొట్టాలను ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు. రోజూ లెక్క చూసుకునేది కూడా ఆమే.

మరి ఇవెందుకు వెలిగాయి? ఎవరో దొంగచాటుగా గుచ్చుతున్నారు.

ఎవరో ఏమిటి, మూగనోమే! ల్యాబ్‌లో సూది పట్టేది అతనే. పొద్దస్తమానం నోరు మెదపడని అందరూ అలా పిలుస్తారు. తాత్కాలిక ఉద్యోగం. మొన్న ట్రే కింద పడేస్తే ఆమె నలుగురిలో చెడామడా తిట్టింది. అప్పటినుంచీ ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

"కోపముంటే నన్ననాలి. నోరులేని ఈగలేం చేశాయి?" అని నిలదీసింది.

"నేను ముట్టుకోలేదక్కా."

"ముట్టుకోకుండానే గాయాలయ్యాయా?"

అతను తల దించుకున్నాడు. చూశారా, తప్పు చేసినవాడి వాలకం!

ఆమె గొట్టాలను అలమరలో పెట్టి తాళం వేసింది. రాగానే ఒకసారి, టీకి లేచినప్పుడు ఒకసారి, అనుమానం పీకినప్పుడల్లా ఇంకోసారి తీసి ఈగల్ని లెక్కపెట్టింది. లెక్క సరిగ్గానే ఉంది. వెలుగే ఇంకా ఎక్కువైంది.

మారుతాళం చేయించాడన్నమాట! తాళం మార్చింది. అతను సెలవు పెట్టిన రోజు కూడా వెలిగాయి. ఎవర్నో పురమాయించి పోయాడు, ఘటికుడు!

ఆఖరికి ల్యాబ్ నడిపే మేడమ్ దగ్గరికెళ్లింది. "ల్యాబ్‌లో అతనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

మేడమ్ నిట్టూర్చింది. మూగనోము ఉద్యోగం పొడిగించే కాగితం ఆమె ముందే ఉంది, సంతకం చెయ్యాలి. పెన్ను పక్కన పెట్టేసి, అతన్ని కూడా పిలిచి, "పదండి, ముందు ఈగల్ని చూద్దాం" అంది.

"నాకీ పని తప్ప ఇంకోటి రాదు మేడమ్," అన్నాడు మూగనోము. పాపం, ఆ వారంలో అతను అన్న అతిపెద్ద మాట అదే.

పరిశోధకురాలు అలమర తెరిచింది. "చూడండి మేడమ్, దూది మూత కదల్లేదు, ఒక్క ఈగ పోలేదు. లెక్కపెట్టి చూపిస్తా."

ఈగలన్నీ పైకి పాకి మూతకి అతుక్కుని ఉన్నాయి. లెక్కపెట్టాలంటే కిందికి దించాలి. ఆమె అతని వైపు కొరకొరా చూస్తూ, గొట్టం ఎత్తి బల్లకేసి ఠపాఠపా కొట్టింది. ఇంకొకటి అందుకుంది.

మేడమ్ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆపు తల్లీ, లెక్కపెట్టిన ప్రతిసారీ వాటినిలా బాదుతుంటే, గాయపరచడానికి వేరే సూది దేనికి!"