సోని పళ్ళ తొడుగు

చచ్చిపోయిన కూతురి వస్తువొకటి చిట్టి ఇంట్లోనే దాచిందని పక్కింటి కమల సంతలో అందరికీ చెప్పిందట. ఆ మాట చెవిన పడి ఊరిపెద్ద సుక్రన్న పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చిట్టి మొగుడు ఫల్గుణకి తల కొట్టేసినట్టయింది. సోని జ్వరంతో పోయిన మూడోనాడే దాని దుప్పటి, దువ్వెన, కాలేజీ సంచీ అన్నీ తనే మోసుకెళ్ళి సమాధి మీద పెట్టి వచ్చాడు. పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉంచకూడదని ఎవరికి తెలీదు?

"ఏటే, నిజమేనా?" అన్నాడు పెళ్ళాంతో.

చిట్టి రాగుల కుండలో చెయ్యిపెట్టి గులాబీరంగు డబ్బీ తీసింది. తీసి గుప్పిట బిగించింది.

"పళ్ళ తొడుగన్నా అది," ఫల్గుణ తగ్గిన గొంతుతో చెప్పాడు. "క్లిప్పులు తీసేసినాక విశాఖ డాక్టరిచ్చినాడు. రాత్రిపూట పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ వంకరపోతాయంట. ఓపాలి ఇది మరిసిపోయి బస్సెక్కీసి, ఘాట్ రోడ్డు మద్దెలో దిగిపోయి ఎనక్కొచ్చీసింది సోని గుంట."

పిచ్చిది, గుర్తుకోసం దాచుకుందనుకున్నాడు. "ఫొటో ఉంది గదే, అది సూసుకో. ఇదిచ్చీ."

చిట్టి గుప్పిట ఇంకా బిగించింది.

సుక్రన్న చెయ్యి చాచాడు. "నీ కడుపుకోత నాకు తెలీదేటమ్మా? గానీ ఇది ఇంట్లో ఉంటే, దీనికోసం గుంట మళ్ళీ వచ్చెత్తాది."

చిట్టి డబ్బీని రవికలో దోపుకుంది.

"రావాలనే దాసినాను."