సన్యాసయ్య చూపించిన చోట్లు

పేటలో ఇంకా నిలబడి ఉన్న ఇళ్లెన్నో లెక్కపెట్టాలి.

తాగునీళ్ల బావిలో ఉప్పు తగ్గిందో లేదో చూడాలి.

కూలిన కొబ్బరిచెట్లు రాసుకోవాలి.

పోయిన నావలెన్ని, ఎవరెవరివి, వాటికి కాగితాలున్నాయా అడగాలి. ఇదే అసలు పని. ఈ జాబితాలో నిలిచినవాళ్లకే కొత్త నావ.

సాయంత్రం అయిదింటి పలాస బస్సు అందుకోవాలి.

ఇవన్నీ రాసుకున్న కాగితాన్ని అట్టకు బిగించుకుని జోయెల్ బారువ దాటాక ఉన్న ఒక మత్స్యకారుల పేటలో దిగాడు. టెక్కలి కుర్రాడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. తుపాను సాయం చేసే సంస్థలో ఉద్యోగం దొరికి ఇరవై రోజులైంది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలని అతని పట్టుదల.

తొంభై తొమ్మిది అక్టోబరు తుపాను వెళ్లి అప్పటికి నెల. గుడిసెల మీద కొత్త తాటాకు ఇంకా పచ్చిగానే ఉంది.

కర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన ఎదురొచ్చాడు.

"నావలు రాసుకునీ బాబువి నువ్వేనేటి? రా, మా పేట సూపిత్తాను. మంచి మంచి సోట్లున్నాయి."

"నువ్వెవరు తాతా?"

"సన్యాసయ్యని."

ఆయన పాదాలు వాచి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఒకసారి ఆగుతున్నాడు. జోయెల్ వాచీ చూసుకున్నాడు.

మొదటి చోటు జోగమ్మ గుడిసె. తలుపు బదులు ఒక నావ చెక్క నిలబెట్టి ఉంది. దాని మీద ఎర్రటి పీత బొమ్మ, సగమే మిగిలింది.

"ఈ పీతని సూడు బాబూ. మీదికి ఉరికీలాగ నేదూ?"

"బాగుంది తాతా. అమ్మా, మీ నావకి కాగితం ఉందా?"

"కాయితం, పెట్టె, ఇల్లు, అన్నీ ఒక్కపాలే ఎత్తుకుపోనాది బాబూ సముద్రం," అంది జోగమ్మ లోపల్నుంచి.

జోయెల్ 'కాగితం లేదు' అని రాసుకున్నాడు.

రెండో చోటు చిన్నారావు టీ కొట్టు. బల్లగా వేసిన చెక్క మీద నెమలి తోక.

"ఈ నీలం రంగు కాశీబుగ్గలో దొరకదు. బరంపురం ఎల్లాల," అన్నాడు సన్యాసయ్య, చెక్కని అరచేత్తో తుడుస్తూ.

"ఈ ముసిలోడితో వేగలేకపోతన్నాం బాబూ," అన్నాడు చిన్నారావు. "నా కొట్లో నా బల్ల మీద గలాసు పెడితే నన్నే తిడతాడు."

"తోక మీద పెడితే తిట్టనేటి? పక్కన సోటు నేదా?"

మూడో చోట మేకల దొడ్డికి అడ్డంగా కట్టిన చెక్క మీద సగం పొద్దు బొమ్మ. సన్యాసయ్య అక్కడ ఇసకలో కూలబడ్డాడు.

జోయెల్‌కి ఓపిక అయిపోయింది.

"తాతా, నాక్కావలసింది పోయిన నావలు. బొమ్మలు కాదు."

"అయ్యే కదా బాబూ సూపిత్తన్నాను."

జోయెల్ నవ్వేశాడు.

"సరే, నీ నావ సంగతి చెప్పు."

"నాకు నావ నేదు బాబూ."

"మరి నీకెందుకు తాతా ఈ తిరుగుడు?"

 ముసలాయన కర్ర ఊతంతో లేచాడు.

"ఇంకా తొమ్మిది సోట్లున్నాయి. సూసి ఎల్లు బాబూ."

"మళ్లీ వస్తాలే."

మిగిలిన ఇళ్లు గబగబా తిరిగి, అందరినీ అడిగి, జోయెల్ జాబితా పూర్తి చేశాడు. సన్యాసయ్య పేరు ఎదురుగా 'నావ లేదు, అవసరం లేదు' అని రాశాడు. బస్సు అందింది.

రెండు నెలలకి పలాస ఆఫీసులో పెద్దాయన గోవిందరావు పిలిచాడు.

"బారువ అవతలి పేటలో ఇరవై ఒక్క నావల్లో తొమ్మిదింటికే కాగితాలున్నాయయ్యా. మిగతా పన్నెండూ పైవాళ్లు కొట్టేస్తున్నారు."

"అవి నిజంగా పోయాయండీ!"

"నేను కాదన్నానా? నావ ముక్క ఏదన్నా ఉండి, అది ఫలానావాళ్లదేనని ఆ పేట మనిషి ఒకడు వేలిముద్ర వేస్తే చాలు. కానీ వాడికి ఏ నావలోనూ వాటా ఉండకూడదు. నావలవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటే చెల్లదు."

జోయెల్ జాబితా తిరగేసి సన్యాసయ్య పేరు దగ్గర వేలు పెట్టాడు.

మర్నాడు మొదటి బస్సుకే పేటకి పరిగెత్తాడు.

"సన్యాసయ్య తాత ఏడమ్మా?"

జోగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"పోనాడు బాబూ. పదకొండు దినాలైంది. ఒళ్లంతా నీరు పట్టీసింది, కిడ్నీలన్నారు. నువ్వు మళ్లీ వత్తానన్నావని రోజూ రోడ్డు మీదే కూకునీవోడు."

జోయెల్ జాబితా తీశాడు.

"నావలో వాటా లేనివాళ్లు ఇంకెవరన్నా ఉన్నారా?"

"సముద్రం ఒడ్డున వాటా నేనోడెవుడుంటాడు? ఆడొక్కడే. మా నావలన్నిటికీ బొమ్మలేసింది ఆడే కదా. ఎక్కడ ముక్క తేలినా సూసి, ఇది ఫలానోడిదని ఆడు సెప్తే ఒరిస్సావోళ్లు కూడా మారుమాటాడీవోరు కాదు. తుపాను ఎలిసినాక ఆ కాళ్లతోనే బారువ దాకా ఎల్లి ముక్కలేరినాడు. కాయితాలు పోనోళ్లయి పన్నెండు దొరికినాయి. ఎవుడి ముక్క ఆడి గుమ్మంలో పెట్టి, పొయ్యిలో పెట్టొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఆయనకి మాత్రం నావ ఎందుకు లేదమ్మా?"

జోగమ్మ చెప్పింది. జోయెల్ అక్కడే గుమ్మం పక్కన కూర్చుండిపోయాడు.

పన్నెండు ఇళ్లకీ కొత్త నావ రాలేదు. మగవాళ్లు పారాదీప్ బోట్ల మీద కూలికి పోయారు.

మీరెప్పుడైనా ఆ తీరానికి వెళ్తే, ఊళ్లోవాళ్ల నావ పోయిన రోజున తన మాట చెల్లాలని నలభై ఏళ్లు సొంత నావ కట్టుకోకుండా ఉండిపోయిన సన్యాసయ్యని ఒక్కసారి తలుచుకోండి.